అనుమానప్పక్షితో అరకు ట్రిప్

ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేసేవాడికి సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకోవడం ఎంత దండగమారి పనో నాకు ముందే తెలుసు. మావాడు, అదే నా బాయ్‌ఫ్రెండు, హోటల్లో బిల్లొస్తే పైనుంచి కిందదాకా చదివి, మనం తాగని వాటర్ బాటిల్ ఎక్కడైనా దూరిందేమో చూసి గానీ డబ్బులివ్వడు. మనిషి మంచోడే, కాకపోతే అనుమానప్పక్షి. నేనేమో ఇన్నాళ్లలో ఒక్క ట్రిప్పూ ప్లాన్ చేసిన పాపాన పోలేదు, ఎక్కడికైనా సరే "నువ్వే చూసుకో" అని వదిలేసే రకం. అలాంటి నేను అరకు టికెట్లు తీసి, రూములు బుక్ చేసి, వాడి చేత సోమవారం కూడా లీవు పెట్టించేసరికి వాడికి మొత్తం అర్థమైపోయింది. "ఏంటి విషయం" అన్నాడు. "ఏం లేదు, వలిసె పూలు చూడాలనుంది" అన్నాను. "పూలా. నువ్వా." అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

అసలు అడగాల్సింది వాడే అని మీరనొచ్చు. మా ఫ్రెండ్సంతా అదే అన్నారు. కానీ ప్రమోషన్ వచ్చాక, ఫ్లాట్ హ్యాండోవర్ అయ్యాక, చెల్లి డెలివరీ అయ్యాక అంటూ వాడు జరుపుకుంటూ పోతుంటే నేను జుట్టు తెల్లబడేదాకా కూర్చోలేను కదా. సరే, పెళ్లి గురించి అడగబోతున్నానని వాడికి తెలిసిపోయింది, అది దాచలేను. ఎప్పుడడుగుతానో మాత్రం దాచొచ్చు. నా ప్లాను మొత్తం అంతే.

ఉంగరం సైజు కథ వేరే. వాళ్లమ్మ ఏ జ్యోతిష్కుడి మాట వినో కుడిచేతికి పగడం ఉంగరం పెట్టించింది, స్నానానికి వెళ్లేటప్పుడు తీసి టీవీ పక్కన పెడతాడు. ఒకరోజు అది తీసి కొత్త సబ్బు మీద గట్టిగా అదిమాను, గుండ్రంగా అచ్చు పడింది, ఆ సబ్బుని కవర్లో చుట్టుకుని నగల షాపుకి పట్టుకెళ్లాను. షాపాయన సబ్బు వాసన చూసి, నన్ను చూసి, "నాన్నగారికా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. బంగారం రేటు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, రాయీ రప్పా లేకుండా సన్నటి వట్టి రింగు తీసుకుంటేనే కళ్లు తిరిగాయి. దాన్ని శానిటరీ ప్యాడ్ల పౌచ్‌లో పెట్టాను. ఎంత ఆడిటరైనా ఆ జిప్పు తీయడు.

మాది వైజాగే కాబట్టి కిరండూల్ ప్యాసింజర్ నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నాన్న ప్రతి చలికాలం జనరల్ బోగీలో ఎక్కించేవాడు, కిటికీ దగ్గర సీటు కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు అద్దాల బోగీ ఉంది కదా, 2017లో పెట్టింది, విస్టాడోమ్. సీట్లు తక్కువే, సీజన్లో దొరకడం గగనం, దొరికినా ఆ డబ్బుతో మామూలు బోగీలో మా చుట్టాలందర్నీ తిప్పొచ్చు. సీటు గుండ్రంగా తిరుగుతుంది, పైకప్పు కూడా అద్దమే. మావాడిది గుంటూరు, కొండలంటే కొండవీడే తెలుసు, ఎక్కగానే సీటు తిప్పి కిటికీకేసి కాకుండా నాకేసి పెట్టుకున్నాడు. "అక్కడ చూడరా బయటకి" అంటే, "నేను చూడాల్సింది ఇక్కడే ఉంది" అన్నాడు. రొమాంటిక్‌గా కాదు, స్టాక్ లెక్కపెట్టడానికి గోడౌన్‌కి వెళ్లినవాడిలా.

కొత్తవలస, ఎస్.కోట దాటేదాకా బాగానే ఉంది. శివలింగపురం దాటి బండి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక సొరంగాలొచ్చాయి. అరకు లోపు 58 ఉన్నాయంటారు. ఈ రూట్లో వెళ్లినవాళ్లకి తెలుసు, సొరంగం రాగానే బోగీలో ఉన్న పిల్లలూ, పిల్లల్ని మించిన అంకుల్సూ ఒకటే కేకలు. చీకటి, చక్రాల మోత, కేకలు, వాటి మధ్యలో నా చెవి దగ్గర మావాడి గొంతు. "ఇప్పుడేనా?" నేను ఉలిక్కిపడ్డాను. వెలుతురొచ్చింది, ఏమీ ఎరగనట్టు బిస్కెట్ తింటున్నాడు. ఇంకో సొరంగం. "ఇదేనా?" ఇంకోటి. "పోనీ ఇది?" టైడా వచ్చేసరికి కొట్టాలనిపించింది. చిమిడిపల్లి దగ్గర ఖనిజం గూడ్సు కోసం మా బండిని పక్కన పెట్టేశారు, ఈ లైను వేసిందే దానికోసం కదా, బైలడిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దించి జపాన్ పంపడానికి 60ల్లో వేశారు, మనం ఎక్కేది ఏదో దయతో ఎక్కనిస్తే ఎక్కడం అని నాన్న అనేవాడు. అదంతా వాడికి చెప్తుంటే శ్రద్ధగా విని, "అంటే ఇక్కడ స్టేషన్లో ఏం ప్లాన్ లేదన్నమాట" అన్నాడు.

అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. అనుమానం ఉన్నవాడిని నమ్మించడానికి తంటాలు పడక్కర్లేదు, వాడిని అలిసిపోనిస్తే చాలు. ఎన్ని సొరంగాలని ఎదురుచూస్తాడు? అందుకని నేనే మొదలెట్టాను. బొర్రా గుహల్లో లైట్ల కింద, నీళ్లు బొట్లు బొట్లుగా పడే చోట ఆగి, గొంతు సవరించుకుని, "నీకో మాట చెప్పాలి" అన్నాను. వాడు నిటారుగా నిలబడ్డాడు. "ఇక్కడ కోతులు బాగా ఉంటాయి, ఫోన్ జాగ్రత్త" అన్నాను. శిమిలిగూడ బోర్డు గుర్తుందా మీకు, సముద్రమట్టానికి 996 మీటర్లు అని ఉంటుంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అదే, అది చూపించేటప్పుడు కూడా వాడి చెయ్యి పట్టుకున్నాను, వదిలేశాను. వలిసె పూల తోటలో మోకాలి మీద కూర్చున్నాను, షూ లేసు కట్టుకోడానికి. పసుప్పచ్చటి తోట, వెనకాల కొండ, ఫొటో తీసుకోడానికి మనిషికింత అని రైతు వసూలు చేస్తున్నాడు, పోనీలే అది ఆయన పొలం. లేసు కట్టుకుని లేచేసరికి మావాడి మొహం చూడాలి. వాడికి కోపమొచ్చింది. నాకు ఆ ట్రిప్‌లో అంత ఆనందం ఎక్కడా రాలేదు.

అరకు గురించి ఇంతకన్నా రాయను, మీకు తెలిసిందే. బొంగులో చికెన్ తిన్నాం, కాఫీ పొడి కొన్నాం. దానికి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చిందని వాడు ప్యాకెట్ వెనక చదివి మరీ నాకు చెప్పాడు. రూము గురించైతే తలుచుకోకపోవడమే మంచిది, "వ్యాలీ వ్యూ" అని డబ్బులు గుంజారు, కిటికీ తీస్తే పక్క హోటల్ వాటర్ ట్యాంకు.

నేను అసలు అడగాలనుకున్నది వంజంగి కొండ మీద. పాడేరులో రాత్రి ఉండి, తెల్లారుజామున జీపులో వెళ్లి, కొంత నడిచి పైకెక్కితే కింద మబ్బులు సముద్రంలా పరుచుకుని ఉంటాయి, వాటిలోంచి సూర్యుడొస్తాడు. వీడియోలు మీరూ చూసుంటారు. జీపువాడు చెప్పిన రేటుకి నేను మాట్లాడేలోపే మావాడు "ఇంత పొద్దున్నే, ఇంత దూరం, ఇంత డబ్బు... సరే పద" అన్నాడు, నవ్వుతూ. బేరం కూడా ఆడలేదు! వాడి లెక్క తేలిపోయిందన్నమాట. దుప్పటి కప్పుకుని, టార్చి వేసుకుని, జారుకుంటూ ఎక్కాం. పైన తిరునాళ్లలా జనం. స్పీకర్లు, మ్యాగీ, ట్రైపాడ్లు. మబ్బులు కింద లేవు, మేమే మబ్బులో ఉన్నాం. పక్కనున్న మనిషి కనపడట్లేదు. సూర్యుడెప్పుడొచ్చాడో కూడా తెలీలేదు, తెల్లటి మంచు ఇంకాస్త తెల్లగా అయింది, అంతే.

ఇంతలో ఎవరో విజిల్ వేశారు. ఓ పది పన్నెండు మంది కుర్రాళ్లు వచ్చారు, చేతుల్లో బంగారు రంగు బెలూన్ అక్షరాలు, "మ్యారీ మీ" అనుకుంటా, గాలికి ఒక అక్షరం ఎగిరిపోయి అదేంటో ఎవరికీ అర్థం కాకుండా అయింది. వాళ్లబ్బాయి బురదలో మోకాలి మీద కూర్చున్నాడు, ఆ అమ్మాయి ఏడ్చింది, కొండంతా చప్పట్లు, డ్రోన్ ఒకటి మంచులో ఎక్కడో గుయ్ గుయ్ మంటోంది. మావాడు కూడా చప్పట్లు కొట్టి, తిరిగి నాకేసి చూశాడు. "మరి మనది?" అని నోటితో అనలేదు గానీ మొహమంతా అదే.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ల తర్వాత నేను అడిగితే క్యూలో నెక్స్ట్ అన్నట్టుంటుంది. పౌచ్ బ్యాగులోంచి తీయనే లేదు. "టీ తాగుదాం" అన్నాను. టీ తాగాం, దిగిపోయాం. దారంతా వాడు మాట్లాడలేదు. పాడేరు బస్టాండ్‌కి వచ్చేసరికి అన్నాడు, "నిజంగా పూల కోసమే వచ్చామా?" ఆ గొంతులో అనుమానం పోయింది. పోయిన చోట కొంచెం బాధ కూడా ఉంది, అది నేను లెక్కలో వేసుకోలేదు.

చోడవరం మీదుగా వెళ్లే ఆర్టీసీ బస్సెక్కాం. ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ వైపు వాడు, మధ్యలో నేను, ఇటు చివర ఒక మామ్మ. ఆకుపచ్చ చీర, ముక్కుకి రెండువైపులా పుడకలు, ఒళ్లో పసుపుకొమ్ముల మూట. ఎక్కగానే నన్ను ఊరు, పేరు, ఏం చదివావు, జీతమెంత అన్నీ అడిగేసి, నా అరటిపండు ఒకటి తీసుకుని, తన వేరుశనక్కాయలు నా ఒళ్లో పోసింది. ఘాట్ మొదలయ్యేలోపే మావాడు నిద్రపోయాడు. తెల్లారుజామున లేచాడు కదా, నోరు తెరుచుకుని, తల అద్దానికి టక్ టక్ కొట్టుకుంటున్నా తెలీనంత నిద్ర. అమ్మవారి పాదాల దగ్గర బస్సు కాస్త స్లో అయితే అందరూ దణ్ణం పెట్టుకున్నారు, మామ్మ చిల్లర విసిరింది. నేను పౌచ్ జిప్పు తీశాను.

ఎడమచెయ్యి నా వైపే ఉంది. మెల్లగా వేళ్లు విడదీసి ఉంగరం తొడిగాను. మెటిక దగ్గర కాస్త ఆగింది, వేరుశనక్కాయ తొక్క తీసినంత నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి లోపలికి నెట్టాను. వాడు కదల్లేదు. మంచం కింద పడిన రూపాయి చప్పుడుకి లేచే మనిషి!

లేచాక చూసుకుంటాడులే అని కూర్చున్నాను. మాడుగులలో లేచాడు. కళ్లు నులుముకున్నాడు, ఆ చేత్తోనే. కిందకి దిగి హల్వా కొన్నాడు, తూకం సరిగ్గా ఉందా అని చూశాడు, చిల్లర లెక్కపెట్టుకున్నాడు, ఆ చేతిలోనే పోసుకుని. వచ్చి కూర్చుని ప్యాకెట్ విప్పి నాకు పెట్టాడు. రెండ్రోజులుగా నా కనురెప్ప కొట్టుకోవడం కూడా నోట్ చేసిన మనిషికి సొంత వేలి మీద బంగారం కనపడట్లేదు. నాకు నవ్వాగట్లేదు, చెప్పకూడదు, కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తున్నాను.

మామ్మకి ఆగలేదు. ముందుకి వంగి, నన్ను దాటి వాడి మోకాలి మీద తట్టి, "ఓ బాబూ. నువ్వు తొంగున్నప్పుడు ఈ గుంట నీ ఏలుకి ఏదో తొడిగీసింది. సూసుకో మరి. నానైతే సూశాను, సెప్పకపోతే నాకే పాపం" అంది.

చేతబడి అనుకుందో, ఇంకేమనుకుందో. మావాడు చెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తీసి లోపల హాల్‌మార్క్ ఉందా అని కూడా చూశాడు, ఒట్టు, అబద్ధం చెప్పట్లేదు. మళ్లీ తొడుక్కున్నాడు. "సైజెలా తెలిసింది?" అన్నాడు. సబ్బు సంగతి చెప్పాను. "అందుకా ఆ సబ్బు కనపడలేదు" అన్నాడు, గొంతు వణికింది, హల్వా ముక్క చేతిలోనే ఉండిపోయింది. "పెళ్లి చేసుకుంటావా" అని అప్పుడడిగాను, బస్సు ఏదో స్పీడ్ బ్రేకర్ ఎక్కింది, సగం మాటే వినపడి ఉంటుంది. "ఊ" అన్నాడు. "ఊ కాదు, సరిగ్గా చెప్పు." "చేసుకుంటాను. బిల్లు ఉందా?"

మామ్మకి విషయం చెప్పాల్సొచ్చింది. విని ఒకటే నవ్వు, మూట జారిపోయేంత నవ్వు. ముందు సీటువాళ్లకీ చెప్పింది, వెనక సీటువాళ్లకీ చెప్పింది, ఎవరో "కంగ్రాట్స్ అన్నా" అన్నారు, కండక్టర్ తిరిగి చూశాడు. ఆ నవ్వు ఆపి ఠక్కున అడిగింది, "మీ ఇళ్లలో ఒప్పుకున్నారేటి?"

"ఇంకా చెప్పలేదు మామ్మా" అన్నాడు మావాడు.

"ఓలమ్మ" అని, హల్వా ప్యాకెట్‌లోంచి పెద్ద ముక్క తీసుకుని, చోడవరంలో దిగుతూ దిగుతూ కిటికీ దగ్గరకొచ్చి, "ముందు ఆడపిల్ల తల్లికి సెప్పండి, తండ్రి సంగతి ఆవిడే సూసుకుంటది" అంది. బస్సు కదిలింది. సబ్బవరం వచ్చేలోపు మావాడు వాళ్లమ్మకి ఫోన్ చేద్దామా, మా అమ్మకి ఫోన్ చేద్దామా అని నన్నే మూడుసార్లు అడిగాడు, నేను హల్వా తింటున్నాను, "నువ్వే చూసుకో" అన్నాను.