ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలు

తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు కాల్చిన అర్హులైన ఇంటికి కరెంటు బిల్లు సున్నా. 201 అయిందంటే మాత్రం ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి. 2022-23లో ఖరారైన శ్లాబుల ప్రకారం లెక్కేస్తే, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లూ రూ.5.10 చొప్పున రూ.1,020, ఆ పైన యూనిట్‌కు రూ.7.70. అంటే రూ.1,027.70, దానిమీద ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. రెండు వేల వాట్ల గీజర్ అరగంట ఎక్కువసేపు వెలిగితే ఆ ఒక్క యూనిట్ అయిపోతుంది.

అందుకే ఈ పథకంలో ఉన్నవాళ్లకు నా మొదటి సలహా మీటరు చూసుకోవడం. నెలకు 30 రోజులనుకుంటే రోజుకు ఆరున్నర యూనిట్ల చిల్లర. రీడింగ్ తీసిన రోజు అంకె రాసిపెట్టుకుని వారానికోసారి తీసేస్తూ పోతే, మూడో వారానికి 140 దాటిందా లేదా తెలిసిపోతుంది. దాటితే ఆఖరి వారం ఏసీ, గీజర్ తగ్గించుకోవాలి. పాత ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు యూనిట్టున్నర దాకా లాగుతుంది కాబట్టి మే నెలలో ఇది చెప్పినంత తేలిక కాదనుకోండి.

ఇలా ఒక అంకె దగ్గర గీత గీసి, ఇటు ఉంటే మొత్తం, అటు ఉంటే సున్నా అనే పద్ధతే మన పథకాల్లో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఆరు అంచెల పరిశీలన అని పేరే ఉంది. బియ్యం కార్డుకైనా, పింఛనుకైనా, బడిపిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనానికైనా జల్లెడ దాదాపు ఒకటే. భూమి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాలు మించకూడదు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు. ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఇంట్లో ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు సడలింపు ఉంది. పట్నంలో సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి. వీటితోపాటు నెల ఆదాయం పల్లెలో రూ.10,000, పట్నంలో రూ.12,000 మించకూడదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. జల్లెడ పట్టేది మనిషిని కాదు, ఇంటిని. నాయనమ్మ, కొడుకు, కోడలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు సర్కారు రికార్డులో ఒకే ఇంటి కింద (దీన్నే మ్యాపింగ్ అంటారు) ఉన్నారనుకుందాం. ఆమె పింఛను నెలకు రూ.4,000, ఏడాదికి రూ.48,000. తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో పడేది పిల్లకు రూ.13,000 చొప్పున రూ.26,000. కొడుకు సొంత పేరున సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఈ రూ.74,000కూ, బియ్యానికీ కలిపి ముప్పు వస్తుంది. అదే బండిని ట్యాక్సీగా రిజిస్టర్ చేయించి తిప్పుకుంటే అడ్డు లేదు. కిరాయికి తోలే ఉద్దేశమే ఉంటే ముందే పసుపు ప్లేటు తీసుకోవడం మేలు.

“పథకాలిస్తే జనం సోమరులవుతారు” అనే మాట రచ్చబండ మీద తరచూ వినిపిస్తుంది. ఈ గీతల దగ్గర జరిగేది వేరు. పని మానేయరు, పనిని కాగితానికి ఎక్కనివ్వరు. జీతం చేతికే ఇమ్మంటారు, పీఎఫ్ వద్దంటారు, కారు బావమరిది పేరున ఉంటుంది, మేడ మీదికి రెండో మీటరు వస్తుంది, పెళ్లయిన కొడుకు అదే ఇంట్లో ఉంటూ కార్డులో మాత్రం విడిపోతాడు. దీనివల్ల నష్టపోయేది కూడా వాళ్లే. పీఎఫ్ లేదు, బ్యాంకు లోనుకు చూపించే ఆదాయం లేదు.

ఆదాయపు గీత సంగతి మరీ విచిత్రం. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. భార్యాభర్తలిద్దరికీ ఆ రేటున నెలలో 26 రోజులు పని దొరికితే వచ్చేది రూ.15,964. ప్రభుత్వమే కట్టిన కూలి రేటుతో నెలంతా పని దొరికిన ఇల్లు ప్రభుత్వమే గీసిన పేదరికపు గీత దాటేస్తుంది! ఆ పదివేలు 2019లో పెట్టిన అంకె, అంతకుముందు ఐదువేలు ఉండేది. పైగా ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ అదే పది వేలు. బియ్యం ఇచ్చేటప్పుడు తలకు ఐదు కిలోలని తలలు లెక్కపెడతారు, అర్హత చూసేటప్పుడు లెక్కపెట్టరు. కనీస అవసరం అంటే ఏమిటో ఎక్కడా వాక్యంగా రాసి ఉండదు. ఫ్యాన్లు, ఫ్రిజ్ సరే, ఏసీ కాదు, వెయ్యి అడుగుల ఇల్లు సరే, పదకొండు వందలు కాదు అని ఈ అంకెల్లోంచే ఏరుకోవాలి.

గీతకు బదులు వాలు పెట్టొచ్చు కదా అంటారు. బ్రిటన్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయం అలాంటిదే. సంపాదన ఒక పౌండు పెరిగితే సాయం 55 పెన్స్ తగ్గుతుంది, ఒక్కసారిగా పోదు. అదీ స్వర్గమేం కాదు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక బీమా చందా కట్టేవాడు అదనంగా వంద పౌండ్లు సంపాదిస్తే ముందు 28 పోతాయి, మిగిలిన 72లో 55 శాతం తగ్గుతుంది, చేతిలో నిలిచేది 32 పౌండ్ల చిల్లర. కానీ అలా తగ్గించాలంటే ప్రతి జీతం నెలనెలా ప్రభుత్వానికి కనబడాలి. కూలి డబ్బు చేతుల మీదుగా నడిచే చోట అది కుదరదు. మన దగ్గర సర్కారుకు కనబడేవి కరెంటు మీటరు, బండి ఆర్సీ, భూమి అడంగల్. అందుకే గీతలన్నీ వాటి మీద పడ్డాయి.

అయితే కరెంటు విషయంలో ఈ సాకు చెల్లదు. యూనిట్లు కచ్చితంగా తెలుసు. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్లు ఇళ్లన్నిటికీ ఉచితం, దాటినవాడికీ ఆ వంద పోలేదు. గృహజ్యోతిలోనూ దాటిన యూనిట్లకే బిల్లు వేస్తే ఎవరి ఆదాయమూ ఆరా తీయనక్కర్లేదు.

ఇక ఏపీలో పేరు అనర్హుల్లో పడితే చేయాల్సిన పని. ముందు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఏ అంచెలో ఆగిందో అడిగి తెలుసుకోవాలి. కారణం తెలియకుండా అర్జీ పెడితే తిరుగుడే మిగులుతుంది. ఎక్కువగా తగిలేది కరెంటు. అద్దె ఇంటి మీటరుకు మీ ఆధార్ ఎక్కి ఉంటుంది, లేదా రెండు సర్వీసుల యూనిట్లు ఒకే ఇంటి కింద కలిసి ఉంటాయి. సర్వీస్ నంబరు, పన్నెండు నెలల బిల్లులు పట్టుకుని విద్యుత్ కార్యాలయంలో ఆధార్ తీయించాలి. కారు అమ్మేసినా ఆర్సీ మీ పేరునే ఉంటే మీరే యజమాని; ఫారం 29, 30 ఇచ్చి రవాణా శాఖలో పేరు మార్పించాలి. కొన్నవాడు చేయించుకుంటాడులే అని వదిలేయొద్దు. అమ్మేసిన భూమి 1బీలో, అంటే భూమి హక్కుల రికార్డులో, ఇంకా మీ పేరునే ఉంటే మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు) పెట్టాలి, మెట్ట మాగాణిగా పడితే తహసీల్దారు దగ్గర సరిచేయించాలి. లోను కోసం రిటర్ను వేసినవాళ్లు పన్ను సున్నా అని చూపే ఆ ఏడాది అకనాలెడ్జ్‌మెంట్ జతచేయాలి, ఎందుకంటే రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు.

ఆయా శాఖలో సరిచేయించినంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దు. సచివాలయానికి మళ్లీ వెళ్లి మార్పు ఎక్కిందో లేదో చూపించుకుని, అర్జీ నంబరున్న రసీదు తీసుకోవాలి.