కొండా సముద్రమూ ఒకే ట్రిప్పులో
వారం నుంచి మా ఇంట్లో మ్యాప్ ముందే భోజనాలు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, దిగొచ్చాక ధవళేశ్వరం బ్యారేజీ, కోనసీమ, చివర అంతర్వేది. మూడు రోజులు చాలన్నాను. మా బావగారు నవ్వారు: "ఘాట్ రోడ్డులో కిలోమీటర్లు కాదమ్మా, మలుపులు లెక్కపెట్టుకో."

నిజమే. పోయినసారి మధ్యాహ్నం బయల్దేరి, పొగమంచులో చీకటి పడి, సిగ్నల్ లేక ఎంత టెన్షన్ పడ్డామో! ఈసారి తెల్లారే బయల్దేరతాం, రంపచోడవరంలోనే ట్యాంకు నింపేస్తాం. బొంగు చికెన్‌కి గంట వేరే (అది వృథా కాదు, ఒట్టు). అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి సాయంత్రం చేరాలి. ఉప్పాడ బీచ్ రోడ్డుని ప్లాన్‌లోంచి కొట్టేశాను, అక్కడ సముద్రం ఒడ్డును కోసేస్తోంది.

అమ్మ మాత్రం ఆత్రేయపురంలో పూతరేకులకి ఆగకపోతే కారే ఎక్కనంటోంది.