ఏసీఎల్ సర్జరీ తర్వాత మళ్లీ కోర్టులోకి: కొలతలతో సహా

కింది కొలతలన్నీ ఒకరివే: ఎడమ మోకాలు, తెగిన ఏసీఎల్ (మోకాలి లోపలి ముందు లిగమెంటు) స్థానంలో హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) నుంచి తీసి పెట్టిన స్నాయువు, అంటే గ్రాఫ్ట్. ఆట బ్యాడ్మింటన్, కుడిచేతి వాటం. మెనిస్కస్‌కు (మోకాలి లోపలి మెత్తటి కుషన్‌కు) కుట్లు పడలేదు. కుట్లు పడినవాళ్లకు బరువు మోపడంలో, మోకాలు వంచడంలో సర్జన్ పెట్టే హద్దులు వేరు, కాబట్టి కింది లెక్కలు వాళ్లకు సరిపోవు.

0–2 వారాలు
ఈ పద్నాలుగు రోజుల్లో అన్నిటికన్నా ముఖ్యం కాలు పూర్తిగా చాపగలగడం. మడమ కింద చుట్టిన తువ్వాలు, మోకాలి కింద ఏమీ లేకుండా 10 నిమిషాలు, రోజుకు 5 సార్లు. చాలామంది హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. దయచేసి పెట్టకండి. వంగిన చోటే కీలు బిగుసుకుపోతుంది. లోపల మచ్చ కణజాలం ముద్దకట్టి అడ్డుపడితే దాన్ని తీయడానికి మళ్లీ ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే సర్జరీ) దాకా వెళ్లొచ్చు.

కొలిచే పద్ధతి: బోర్లా పడుకుని, మోకాళ్ల కింది భాగం మంచం అంచు దాటి వేలాడేలా చూసుకుని, రెండు మడమల ఎత్తులో తేడా స్కేలుతో కొలవాలి. 1 సెం.మీ. అంటే సుమారు 1 డిగ్రీ. 4వ రోజు 6 సెం.మీ., 14వ రోజు 1.5.

తొడ ముందు కండరం బిగించి 5 సెకన్లు, 10 సార్లు, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి. మోకాల్లో నీరు ఉన్నంతకాలం నాడులు ఈ కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వవు, అందుకే ముందు వాపు తగ్గాలి. వాపు చూడడానికి మోకాలి చిప్ప లోపలి పక్కన అరచేత్తో పైకి రెండుమూడుసార్లు నిమిరి, తర్వాత బయటి పక్కన కిందికి నిమరాలి. లోపలి పక్క గుంటలోకి చిన్న అల వస్తే నీరు ఉన్నట్టే. పిక్కలో నొప్పీ వాపూ, లేదా ఆయాసం వస్తే ఇవన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

3–6 వారాలు
కుంటకుండా నడవగలిగాకే ఊతకర్రలు వదిలేది. 110 డిగ్రీలు వంగాక స్టాండ్ సైకిల్. బాసింపట్టు ఇంకా వద్దు. గ్రాఫ్ట్ తీసింది తొడ వెనక కండరం నుంచి కాబట్టి బరువుతో హామ్‌స్ట్రింగ్ కర్ల్స్ (మడమను వెనక్కి లాగుతూ మోకాలు వంచడం) 8 వారాల దాకా లేవు.

6–12 వారాలు
నొప్పి ఉండదు, నడక బాగుంటుంది, కానీ గ్రాఫ్ట్ బలహీనంగా ఉండేది ఈ రోజుల్లోనే. పెట్టిన స్నాయువులో పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు లోపలికి పాకుతుంటాయి. అది దెబ్బతినడానికి తడి మెట్ల మీద జారినా చాలు. లెగ్ ప్రెస్ (మెషీన్ మీద పాదాలతో బరువు నెట్టడం) 3 సెట్లు, 8 సార్లు. లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని బరువుతో మోకాలు చాపడం) మాత్రం 90 నుంచి 45 డిగ్రీల మధ్యే. మర్నాడు పొద్దున అల పెద్దదైతే బరువు ఒక మెట్టు వెనక్కి.

4–6 నెలలు
పరుగు: 1 నిమిషం పరుగు, 1 నిమిషం నడక, 10 సార్లు, రోజు విడిచి రోజు. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో 8 సార్లు ఎత్తగల బరువు ఎడమకు 22.5 కిలోలు, కుడికి 30, అంటే 75 శాతం. ఇక్కడో మోసం ఉంది: ఇన్నాళ్లూ ఆట లేక మంచి కాలు కూడా నీరసిస్తుంది, దాంతో శాతం లేనిపోని అందంగా కనిపిస్తుంది. సర్జరీకి ముందు మంచి కాలు కొలత రాసి పెట్టుకుంటే దానితోనే పోల్చాలి.

7–9 నెలలు
ఒంటికాలి మీద దూకిన దూరం ఎడమకు 128 సెం.మీ., కుడికి 150, అంటే 85 శాతం. కావలసింది 90. దూరం ఒక్కటే చూస్తే చాలదు, మోకాలి పనిని తుంటి, చీలమండ పంచుకుని దూరం తెచ్చేస్తాయి. పక్కనుంచి వీడియో తీసి మోకాలు మెత్తగా వంగుతోందో లేదో చూడాలి.

కుడిచేతివాళ్లకు బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలలో తల మీది షాట్ కొట్టి ఎడమ కాలి మీద దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. మోకాలు లోపలికి వాలకూడదు, నిటారుగా దిగకూడదు. షటిల్ లేకుండా ఆ ఒక్క మూలకే 6 సార్లు, 4 సెట్లు.

2019 జనవరిలో సైనాతో ఫైనల్లో ఏసీఎల్ తెగిన స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ అదే సెప్టెంబరులో చైనా ఓపెన్ గెలిచింది. ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని తొందరపడొద్దు. 2016లో వచ్చిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనంలో 9 నెలల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు 51 శాతం తగ్గింది.

10వ నెల
దూకిన దూరం 92 శాతం, లెగ్ ఎక్స్‌టెన్షన్ 91. డబుల్స్ మాత్రమే, వారానికి 2 రోజులు, రోజుకు 2 గేములు. మర్నాడు పొద్దున మళ్లీ అల పరీక్ష.