మెరుగు పెట్టొద్దన్న నాణెం

కరీబియన్ దీవి అరుబాలో, రాజధాని ఒరాన్యెస్టాడ్ మెయిన్ స్ట్రీట్‌లో ఒక నగల షాపులో రిపేర్లు చేస్తాను. వచ్చి ఆరేళ్లయింది. మాది కరీంనగర్, మా బాపుది వెండి తీగపని, నేనూ చిన్నప్పటి నుంచి ఆ పక్కన కూర్చుని నేర్చుకున్నవాణ్ణే. ఇక్కడ మాత్రం క్రూయిజ్ షిప్పులు దిగినవాళ్ల తెగిన గొలుసులు, వదులైన రాళ్లు, రోజూ అంతే.

పోయిన నెల ఈ దీవిలోనే ఉన్న శాన్ నికొలాస్ అనే ఊరి నుంచి ఒక పెద్దావిడ బస్సులో వచ్చారు. చేతిరుమాలు విప్పి ఒక నాణెం నా ముందు పెట్టారు. 1986 నాటి 25 ఫ్లోరిన్ల (ఇక్కడి డబ్బు) వెండి నాణెం, నల్లగా అయిపోయింది. తూకం వేస్తే 25 గ్రాములు, 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 వెండి), అంటే అసలు వెండి 23 గ్రాముల పైచిలుకు. అమ్మడానికే తెచ్చారనుకుని లెక్క కడుతుంటే వద్దని చెయ్యి ఊపారు. హాలెండ్‌లో చదువుతున్న మనవరాలికి గొలుసులో వేసుకునేలా దీని చుట్టూ చట్రం చేసివ్వాలట. సరే, ముందు నలుపు తీసేస్తా, పది నిమిషాల పని అంటూ లేచాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపేశారు.

"అది మా ఇంటి నలుపు బాబూ" అన్నారు.

వాళ్లిల్లు చమురు రిఫైనరీ పక్కనే. గాలిలో కాస్త గంధకం ఉన్నా వెండి నల్లబడుతుంది, అది నాకు తెలిసిందే. ఆమె భర్త లాగో అనే ఆ రిఫైనరీలోనే పనిచేసేవారు. 1985 మార్చిలో అది మూతపడింది, వీధిలో చాలామంది పని వెతుక్కుంటూ హాలెండ్ వెళ్లిపోయారు. సరిగ్గా తొమ్మిది నెలలకు, 1986 జనవరి 1న, అరుబాకు 'స్టేటస్ అపార్టే' వచ్చింది. డచ్ రాజ్యంలోనే ఉంటూ, నెదర్లాండ్స్ ఆంటిలీస్ అనే ఆరు దీవుల కూటమి నుంచి విడిపోయి సొంత ప్రభుత్వం పెట్టుకున్నారు. అంతవరకు ఆ కూటమి రాజధాని పక్క దీవి క్యురసావ్‌లోని విల్లెమ్‌స్టాడ్. మన నిర్ణయాలు వేరే ఊళ్లో ఎందుకు జరగాలన్న కోపం నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ మాటలు వింటూనే పెరిగాను.

దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడిన నాయకుడు బెటికో క్రూస్. 1985 డిసెంబర్ 31 రాత్రి, ఇంకొన్ని గంటల్లో ఆ రోజు వస్తుందనగా, ఆయనకు కారు ప్రమాదం జరిగింది. కోమాలోకి వెళ్లి మళ్లీ లేవలేదు, 1986 నవంబర్‌లో చనిపోయారు. పండగ చేసుకోవాలో ఏడవాలో తెలియలేదని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకున్నారు. జీతం లేని ఆ రోజుల్లోనే భర్త ఈ నాణెం కొనుక్కొచ్చారట, ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట.

మా షాపున్న వీధి పేరు కాయ బెటికో క్రూస్. కాయ అంటే ఇక్కడి పాపియామెంటోలో వీధి. ఆరేళ్లుగా ప్రతి బిల్లు మీదా ఆ పేరు ఉంది, ఒక్కరోజు కూడా ఎవరీయన అని అడగలేదు. నిజంగా సిగ్గేసింది.

నాణేనికి మంట తగలకూడదు, అతుకు పెట్టకూడదు. అందుకే చట్రం విడిగా చేసి, నాలుగు చిన్న కొక్కేలతో పట్టించి, చుట్టూ మా ఊరి తీగపనితో ఆకులు అల్లాను. వారం పట్టింది, రాత్రుళ్లు కూర్చున్నాను. ఫొటో పంపిస్తే బాపు చూసి "అంచు తీగ సన్నగైంది, తెగుతది, మళ్ల చెయ్" అన్నాడు. మళ్లీ చేశాను.

ఆమె వచ్చి నలుపు అలాగే ఉందా అని వెలుతురులో తిప్పితిప్పి చూసుకున్నారు. బిల్లు ఇస్తే పైన అడ్రస్ మీద వేలు పెట్టి, ఆ వీధి పేరు పైకి చదివి, నాణెంతో పాటు బిల్లు కూడా అదే చేతిరుమాలులో మడిచి పెట్టుకున్నారు.