తెల్ల లేసుకు తెల్ల తెర

స్టీలు గిన్నెనో చెక్క బొమ్మనో ఫొటో తీస్తే వెనక పరిచిన తెర వెనకే ఉండిపోతుంది. లేసు సంగతి వేరు. ప్రతి రంధ్రంలోంచీ తెర ముందుకొస్తుంది. ఫొటోలో సగం లేసయితే సగం తెరే. నరసాపురం దగ్గర మా ఇంట్లో అత్తయ్య, తోడికోడలు అల్లే టేబుల్ కవర్లను ఆన్‌లైన్‌లో పెడదామనుకున్నప్పుడు నాకు ఎక్కువ సమయం పట్టింది ఈ తెర ఎంచుకోవడానికే.

అమెజాన్‌లో మొదటి ఫొటోకు నేపథ్యం స్వచ్ఛమైన తెలుపు కావాలి. ఫొటోలో రంగును కొలిచే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ పూర్తి స్థాయిలో, అంటే 255 ఉండాలి, వస్తువు ఫొటోలో 85 శాతం నిండాలి. మా సరుకులో ఎక్కువ భాగం తెలుపు, మీగడ రంగు. తెలుపు మీద తెలుపు విడిగా కనబడాలి, అదీ ఒక్కో కుట్టూ తెలిసేలా. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన చేతి అల్లిక ఇది. మిషను లేసుకూ దీనికీ తేడా కొనేవారికి ఫొటోలో తెలియకపోతే అత్తయ్య రోజుల తరబడి పడిన శ్రమకు విలువే రాదు.

ముందు ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టాను. మావయ్యగారి గ్లాస్గో పంచెను ఇస్త్రీ చేసి పరిస్తే ముడత ఒక్కటీ లేదు. కానీ పంచె నేత లేసు రంధ్రాల్లోంచి కనిపించి, ఏది అల్లికో ఏది గుడ్డో తెలియలేదు. పైగా నీలిమందు పెట్టిన తెలుపు కాబట్టి దాని పక్కన మీగడ రంగు లేసు మాసినట్టు కనిపించింది. థర్మాకోల్ పలక మీద గింజలు కనబడతాయి, పొడి రాలి దారాల్లో ఇరుక్కుంటుంది. దాన్ని వెలుతురు తిప్పికొట్టడానికి పక్కన నిలబెట్టుకున్నాను.

చార్టు పేపరు నచ్చింది. గోడ మీంచి బల్ల మీదికి వంపుగా దింపితే మూల గీత కనబడదు, ఖర్చూ తక్కువ. చిన్న లేసులు తీసేవారికి వేసవిలో అదే చాలు. మా డెల్టాలో వానలు మొదలయ్యాక మాత్రం గాలిలో చెమ్మకు కాగితం అలలు దేలుతుంది, ఒక్కో అల కింద బూడిద రంగు నీడ పడుతుంది. పెద్ద టేబుల్ కవరుకు ఒక్క చార్టు సరిపోదు కూడా.

పాలకొల్లులో ఫ్లెక్సీలు వేసే దుకాణంలో పీవీసీ షీటు దొరికింది. చిన్న లేసు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లాను. "అన్నీ తెలుపే కదా మేడమ్" అన్నాడు దుకాణం అబ్బాయి. ఒక్కో షీటునూ వాకిట్లో వెలుతురులోకి తెప్పించి లేసును దాని మీద పెట్టి చూశాను. ఒకటి నీలం కొట్టింది, ఒకటి పసుపు. ఏటవాలుగా చూసినప్పుడు గుమ్మం ఆకారం కనబడిన మెరుపు షీటును పక్కన పెట్టేసి, మెరుపు లేనిది తీసుకున్నాను. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమైపోతుంది, చెమ్మకు చెక్కుచెదరదు.

షీటు సరైనదైనా ఫొటోలో తెలుపు పచ్చగా వచ్చింది. మా ముందుగది కిటికీ ఎదురుగా కొబ్బరితోట, దాని వెనక వరిచేను. వాటి మీద పడిన ఎండ పచ్చదనాన్ని మోసుకుని గదిలోకి వస్తోంది. బల్లను ఉత్తరం వైపు గదికి మార్చాను. అక్కడ కిటికీ ఎదురుగా పక్కింటివారి సున్నం గోడ ఉంది. ట్యూబులైటు ఆపేశాక రంగు కుదిరింది. ఆ తర్వాత కూడా తెలుపు కాస్త బూడిదగానే ఉంది. ఫోను కెమెరా అంతా తెల్లగా ఉన్న దృశ్యాన్ని నడిమి వెలుగుకు దించేస్తుంది. ఫోను స్క్రీను మీద వేలు పెట్టి, అక్కడ కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి.

అసలు తేడా తెచ్చింది అద్దం, ముఖం చూసుకునేది కాదు, అవతలికి కనబడే గాజు పలక. షీటు మీద నాలుగు మూలలా స్టీలు గ్లాసులు బోర్లించి, వాటి మీద అద్దం పెట్టి లేసును పరిచాను. దారాల నీడ లేసును అంటుకోకుండా కిందికి దిగి పలచబడింది. కిటికీ వెలుతురును థర్మాకోల్‌తో అద్దం కిందికి మళ్లిస్తే షీటు లేసు కంటే ప్రకాశంగా మారింది. ఒక పక్క నల్ల చార్టు నిలబెట్టేసరికి దారాల అంచులు తేలాయి. అల్లిక పువ్వులో ఒక్కో రేకూ, రేకులో మెలి తిరిగిన దారం ఉబ్బూ కనిపించాయి. అద్దంలో ఇంటి కప్పు కనబడకుండా ఫోను కెమెరా కోసం రంధ్రం చేసిన నల్లగుడ్డ పైన పట్టుకోవాలి.

అత్తయ్యకు చూపిస్తే ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, "ఇక్కడ కుట్టు తప్పింది, ఇది పంపకమ్మా" అంది. అల్లిన చేతికే అంత స్పష్టంగా కనబడిందంటే నాకు ఇంకేం కావాలి!

మొదటి ఫొటోకు మాత్రమే తెలుపు తప్పనిసరి కాబట్టి రెండోది ముదురు నీలం చార్టు మీద తీస్తున్నాను, డిజైను అందులోనే బాగా తెలుస్తుంది. పీవీసీ షీటును ఎప్పుడూ చుట్టే పెట్టాలి. మడిస్తే పడే గీత తర్వాత ప్రతి లేసు రంధ్రాల్లోంచీ కనిపిస్తుంది.