పరిగె

నిన్న మా వెనక పొలంలో వరి కోశారు. మంచు ఆరాక పదింటికి చైన్ మిషన్ దిగింది, సరిగ్గా బైబిల్లోని రూతు గ్రంథం చెప్పే మా క్లాసు టైముకి. కిటికీలు మూసినా లాభం లేదు. పుస్తకాల మీద సన్నటి దుమ్ము పడుతోంది, ముందు వరుసలో ఇద్దరికి దగ్గు మొదలైంది. చివరికి బైబిల్ పట్టుకునే అందరినీ గట్టు మీదికి తీసుకెళ్లాను. అక్కడ జరిగింది మర్చిపోకముందే రాసుకోవాలని కూర్చున్నాను.

మేముండేది ములుగు రోడ్డు మీద, ఆత్మకూరు దాటాక కొంచెం లోపలికి. పది నెలల బైబిల్ కోర్సు, అందరూ ఇక్కడే ఉండి చదువుకోవాలి. ఈ ఏడాది 19 మంది. పరకాల, భూపాలపల్లి, జమ్మికుంట వైపు పిల్లలు, తాడ్వాయి అడవి ఊళ్ల నుంచి నలుగురు. పాస్టరు అయ్యగారు, అమ్మగారు, నేను, వంట పెద్దమ్మ, ఇంతే పెద్దవాళ్లం. పిల్లలు నన్ను అక్కా అంటారు. నేను వచ్చి తొమ్మిదేళ్లయింది.

కొత్త బ్యాచ్ జూన్‌లో, మిరుగం రోజుల్లో మొదలవుతుంది. మొదటి వారం ఎప్పుడూ సగం మందే ఉంటారు. మిగతా సగం ఇంటి దగ్గర పత్తి గింజలు పెడుతుంటారు. అయ్యగారు ఫోన్ చేసి ఎవరినీ తొందరపెట్టరు. "గింజలు పెట్టినంకనే రా బిడ్డా, పుస్తకం ఎక్కడికి పోదు" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నా చదువు రోజులు గుర్తొస్తాయి.

నేను చదివిన చోటు వేరు. మంచి చోటే, నేర్చుకున్నది చాలా ఉంది. కానీ టైమ్ టేబుల్ గోడ మీద ఉన్నది ఉన్నట్టు నడవాలి. నా రెండో ఏడు నవంబర్‌లో మా బాపుకి జ్వరం వచ్చి మంచం పట్టాడు. మూడెకరాల పత్తి పగిలి ఉంది. అమ్మ ఒక్కతే. నేను మూడు రోజులు సెలవు అడిగితే రిజిస్టర్‌లో కారణం గడి దగ్గర ఎర్ర పెన్నుతో "సరైన కారణం కాదు" అని రాసి ఇచ్చారు. ఆ వారం మాకు కంఠస్థానికి ఇచ్చింది రూతు గ్రంథం రెండో అధ్యాయం. చేనులో ఏరుకునే ఆడమనిషి గురించి అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. మా అమ్మ చేనులో ఒక్కతే ఏరుకుంటోంది. పత్తి సగం మన్ను పాలైంది. బాపు ఆ జ్వరం నుంచి లేచాడు గానీ, నాకు ఆ ఎర్ర అక్షరాలు ఇంకా కళ్ల ముందే ఉంటాయి.

అందుకే ఇక్కడికొచ్చాక నేను అయ్యగారిని అడిగిన మొదటి విషయం, రూతు గ్రంథాన్ని కోతల నెలలోకి మార్చుకుందామా అని. ఆ కథంతా కోతల్లోనే నడుస్తుంది కదా. యవల కోత మొదలవుతుండగా నయోమి కోడలు రూతుతో బేత్లెహేముకి వస్తుంది, గోధుమ కోత అయ్యేదాకా రూతు చేలల్లోనే ఉంటుంది. వాళ్ల యవల కోత మనకు ఎండలు ముదిరే రోజుల్లో వస్తుంది. మన దగ్గర కోత అంటే వానాకాలం పంట, నవంబర్. నెల వేరైనా చేను చేనే.

నిన్న గట్టు మీద కూర్చున్నాక భూపాలపల్లి అబ్బాయి అడిగాడు. "అక్కా, పరిగె అంటే ఏంది?"

నేను ఆగిపోయాను. 19 మందిలో చెయ్యెత్తింది ముగ్గురే. మిగతావాళ్లు రైతుల పిల్లలే, కానీ వాళ్లకు ఊహ తెలిసేసరికి కొడవళ్ల కోత పోయి మిషన్ వచ్చింది. ఆ మాట వాళ్లు బైబిల్లో తప్ప ఎక్కడా వినలేదు.

వంట పెద్దమ్మ బియ్యం చాట పట్టుకుని మా వెనకే వచ్చి కూర్చుంది. "నేను చెప్త" అంది. చిన్నప్పుడు వాళ్లమ్మతో పరిగె ఏరడానికి పోయేదట. కోసిన వరి మెదలు కట్టి కుప్పకు మోసినంక, చేనులో రాలిన కంకులు ఏరుకోవచ్చు. అంతకు ముందు అడుగు పెడితే తిట్లు. ఎడమ చేతిలో ఒక్కో కంకి పెట్టుకుంటూ పోయి, పిడికిలి నిండితే గడ్డితో కట్టి ఒడిలో వేసుకోవాలి. పొద్దుగూకినంక ఇంటి ముందు బండ మీద కర్రతో కొట్టి, చెరిగి, ఆ రాత్రికే దంచేవాళ్లట. చెప్తూ చెప్తూ గట్టు మీద గడ్డి పోచలు పీకి పిడికిలి కట్టి చూపించింది. బొటనవేలి కింద ఒక మెలిక, అంతే, ఊడదు. ఆడపిల్లలు నాలుగైదు సార్లు ప్రయత్నించినా ఆ మెలిక రాలేదు.

రూతు ఏరుకునే చేను యజమాని బోయజు తన పనివాళ్లతో, ఆమె కోసం కావాలనే కొన్ని పిడికెళ్లు పడేసి వదిలిపెట్టండి అంటాడు కదా, ఆ వచనం చదివాను. పెద్దమ్మ చాట పక్కన పెట్టింది.

"గట్లాంటోళ్లు మా ఊళ్లె గూడ ఒకాయన ఉండె. మేం పోంగనే మెద ఇప్పినట్టు చేసి పిడికెడు జారవిడిసెటోడు. ఇడిసి, అటు మొకాన తిరిగి బీడీ ముట్టించెటోడు. మేం ఏరుకునేదాక ఇటు తిరగకపోయేది."

ఎందుకు తిరగడు అని ఒకమ్మాయి అడిగింది.

"సూస్తె మాకు సిగ్గయితది గద బిడ్డా."

నేను రూతు గ్రంథం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. వ్యాఖ్యానాలు చదివాను, నోట్సు రాశాను. బోయజు మొహం ఎటు తిరిగి ఉందో ఎప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత మిషన్ పక్క మడికి వెళ్లింది. రైతుని అడిగి పిల్లలందరం కోసిన మడిలో దిగాం. గంటన్నర ఏరాం. మిషన్ నేల మీద మిగిల్చేది పెద్దగా ఏమీ ఉండదు. మూలల్లో దొరుకుతుందేమో అని ఒకబ్బాయి పరిగెత్తాడు. అక్కడ అప్పటికే కొడవలితో కోసి ఉంది. మిషన్ మూలల్లో సరిగ్గా తిరగలేదు, తొక్కితే వడ్లు పోతాయి, అందుకని రైతులు ముందే మనిషిని పెట్టి నాలుగు మూలలూ కోయిస్తారు. వాడు కొయ్యకాళ్ల మధ్య నిలబడి, "అక్కా, లేవీయకాండంల పొలం అంచులు పూర్తిగ కొయ్యద్దని ఉన్నది కదా, బీదోళ్ల కోసం" అన్నాడు. ఉంది, 19వ అధ్యాయం తొమ్మిదో వచనం. ఆ రైతుది తప్పని నేను అనను. ఎకరానికి మిషన్ కిరాయి, కూలీలు, ఎరువుల లెక్క మాకందరికీ తెలుసు. కానీ ఆ మూల దగ్గర ఎవరం ఏమీ మాట్లాడలేకపోయాం.

దొరికినవి కొట్టి, చెరిగి, వంటింట్లో లీటరు డబ్బాతో కొలిచాం. 19 మందికీ కలిపి మూడు లీటర్లు కూడా కాలేదు. రూతుకి ఒక్క రోజులో దొరికింది ఏఫా. మన బైబిల్లో తూమెడు అని ఉంటుంది, దాదాపు 22 లీటర్లు. నిన్నటిదాకా పిల్లలకు అది ఒక అంకె. ఆ డబ్బా అడుగున మా వడ్లు చూశాక, చేనులో ఎంత మంది అటు తిరిగి నిలబడ్డారో వాళ్లే లెక్క వేసుకున్నారు.

సాయంత్రం అయ్యగారు మెదక్ సంగతి చెప్పారు. నయోమి ఇల్లు విడిచింది కరువు వల్లే కదా, అక్కడి నుంచి మాట మెదక్ చర్చి గుడి మీదికి వెళ్లింది. కరువు రోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొర పని పెట్టి, పని చేసినవాళ్లకు తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. పిల్లలు అక్కడ సెల్ఫీలు దిగినవాళ్లే. ఆ గోడలు ఎవరి ఆకలి మీద లేచాయో నిన్న రాత్రి మొదటిసారి విన్నారు.

ఇంకొన్ని రోజుల్లో క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలవుతుంది. స్టార్ కట్టడం, కేరల్స్, సెమీ క్రిస్మస్, ఆ సందడి అందరికీ తెలిసిందే, రాయను. సంక్రాంతి దాటాక మేడారం జాతర ఏడాది అయితే మా రోడ్డు రాత్రీ పగలూ నిండిపోతుంది. అయ్యగారు గేటు ముందు నీళ్ల డ్రమ్ములు పెట్టిస్తారు, నడిచి పోయేవాళ్లకు పిల్లలే ముంచి ఇస్తారు. ఎందుకని మొదట్లో కొందరు సంఘం పెద్దలు అడిగారు. దాహం అయినవాళ్లకు నీళ్లివ్వడానికి ఏ వచనం చూపించాలి అన్నారాయన. ఆ మాట తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి లెంట్, అంటే ఈస్టర్ ముందు ఉపవాస రోజులు. దారంతా మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి. చుట్టుపక్కల మిర్చి కల్లాలు, గాలి తిరిగితే ప్రార్థనలో కూడా తుమ్ములు. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాల బండ్లు మా ముందు నుంచే పోతాయి. శుక్రవారం ఉపవాసం, ఆ పూట బియ్యం పిడికెడు పిడికెడు డబ్బాలో వేస్తారు. వాటిని ఈస్టర్ ముందు ఊళ్లో ఒంటరి ముసలివాళ్లకు ఇస్తాం. పోయినేడు మన్నా పాఠంలో, అరణ్యంలో ఇశ్రాయేలీయులు రోజూ పొద్దున్నే ఏరుకున్న ఆహారం గురించి చెప్తుంటే, తాడ్వాయి అమ్మాయి లేచి, "మా దగ్గర ఇప్పపువ్వు గిట్లనే అక్కా. తెల్లారకముందే రాలుతది, ఎండ ముదరకముందే ఏరుకోవాలె" అంది. ఆ పాఠం ఇక ఆ పిల్లే చెప్పింది, నేను వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను.

అన్ని కాలాలూ ఇలా నడవవు. 2023 జూలై 27న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, మోరంచపల్లిని వాగు ముంచేసింది. ఆ రోజు మా పిల్లల ఇళ్లకు ఫోన్లు కలవలేదు. ఆ వారం క్లాసులు లేవు. రోడ్లు తెరుచుకోగానే పారలు పట్టుకుని వెళ్లి ఇళ్లల్లో బురద ఎత్తాం. ఆ నెల సిలబస్ పూర్తి కాలేదు, పూర్తి చేయాలని నాకు అనిపించనూ లేదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. మా పెద్దమ్మ నిన్నటి వడ్లు చిన్న గుడ్డలో కట్టి వంటింటి దూలానికి వేలాడదీసింది. జూన్‌లో వెనక మడిలో నారు పోస్తుందట.

ఇందాకే పరకాల అమ్మాయి సెలవు రిజిస్టర్ తెచ్చింది. రెండో ఏరుడుకి వచ్చిన పత్తి. వాన పడే సూచన ఉంది, తడిస్తే తేమ 12 శాతం దాటుతుంది, ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ సెంటర్‌లో తీసుకోరు. కారణం గడిలో "పత్తి. అమ్మ ఒక్కతే ఉంది" అని రాసింది. రాసి, నా మొహం చూడకుండా కింద చూస్తూ నిలబడింది.

మూడు రోజులు అడిగింది. మూడు కొట్టేసి అయిదు రాసి సంతకం పెట్టాను. రిజిస్టర్ తీసుకునేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.