ముప్పై ఏళ్ళు దాటిన స్లాబుకి పెచ్చులు ఊడుతుంటే ఏం చేశాం – నా అనుభవం

మా ఇల్లు విశాఖలో, సముద్రానికి బాగా దగ్గర, నాన్నగారు 1992లో కట్టించింది. బాల్కనీ అడుగున, వంటింటి సన్‌షేడ్ దగ్గర పెచ్చులు ఊడిపడుతున్నాయి, లోపల చువ్వ ఎర్రగా తుప్పుపట్టి కనిపిస్తోంది. చూడ్డానికొచ్చిన మేస్త్రి "ఏటీ లేదు బాబూ, ఊడింది దులిపేసి ప్లాస్టింగ్ కొట్టేద్దాం" అన్నాడు, తర్వాత వచ్చిన బిల్డరేమో స్లాబు పనైపోయిందండీ, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి అన్నాడు. ఎవరికి పని దొరికే మాట వాళ్ళు చెప్పారు, తప్పేం లేదు.

అందుకే ఇద్దర్నీ ఆపి ఫీజు ఇచ్చి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచాం. ఆయన ముందుగా చేసింది చిన్న సుత్తితో స్లాబు అడుగంతా కొట్టుకుంటూ పోవడం, డొల్లగా మోగిన చోటల్లా సుద్దగీత. పైకి కనిపించేది గజం మేర, గీతలు మాత్రం బాల్కనీలో సగం దాకా వచ్చాయి! తర్వాత కొంచెం చెక్కి ఫినాల్ఫ్తలీన్ కొట్టారు, అదే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాడిందే. కాంక్రీటులో క్షారం ఉంటే గులాబీ రంగు వస్తుంది, పోతే రంగు రాదు. హాల్లో స్తంభాలు చక్కగా గులాబీ అయ్యాయి, బాల్కనీ అడుగున చువ్వ దాటేదాకా రంగే లేదు.

ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ, మంచి కాంక్రీటు పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 12, 13 దాకా ఉంటుంది, అంత క్షారంలో చువ్వ మీద పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు, గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి దిగి పీహెచ్‌ని 9 కిందకి తెస్తే ఆ పొర పోతుంది, మనలాంటి చోట సముద్రపు ఉప్పైతే క్షారం ఉన్నా కూడా పొరని తినేస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పైనున్న కాంక్రీటుని పగలగొట్టి తోసేస్తుంది. అంటే పాడైంది కాంక్రీటు కాదు, లోపలి ఇనుము. మా బాల్కనీలో చువ్వ కింద కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, 10 మిల్లీమీటర్లు కూడా లేదు, కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలేచోట 45 ఉండాలి, కాంక్రీటు బలం చెప్పే గ్రేడ్ కనీసం ఎమ్30.

ఇక పని విషయానికొస్తే, ముందు స్లాబుకి కింద ఆసరాగా జాకీలు పెట్టారు. తర్వాత అసలు గొడవ. చువ్వ కనిపించగానే చెక్కడం ఆపేస్తామంటారు కూలీలు, చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ రావాలంటారు ఇంజినీర్, వెనక వైపు తుప్పు అలాగే వదిలేస్తే మళ్ళీ అదే కథ కదా. దగ్గరుండి చెక్కించాల్సిందే, దుమ్ము మాత్రం చెప్పక్కర్లేదు, బీరువాలో చీరల మీద కూడా ఉంది. వైర్ బ్రష్‌తో చువ్వలు మెరిసేదాకా రుద్దాక, పావు వంతు పైన సన్నబడ్డవాటి పక్కన కొత్త చువ్వ కట్టారు, చువ్వలకి జింక్ ప్రైమర్, పాత కాంక్రీటుకి కొత్తది అతుక్కునేలా బాండింగ్ కోట్, ఆ పైన పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్ పొరలు పొరలుగా, ఆరాక మళ్ళీ తడపడం. సామాను కంటే చెక్కుడు కూలీయే ఎక్కువైంది. ఊడినంతే బాగుచేస్తే సరిపోదా అనడిగా, ఉప్పు పట్టిన స్లాబులో అలా అతుకు వేస్తే అతుకు అంచున పాత చువ్వకి తుప్పు ఇంకా వేగంగా వస్తుందిట, అందుకే సుద్దగీతల లోపలంతా తీయించాం.

ఇంత చేసినా పైనుంచి నీళ్ళు దిగితే దండగే. డాబా మీద ట్యాంక్ ఓవర్‌ఫ్లో, పిట్టగోడ మొదట్లో బీట, అడ్డదిడ్డంగా పూలకుండీలు, మూడూ సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ చేయించి నీళ్ళు పైపు వైపు వాలేలా వాటం పెట్టించాం. ఇప్పుడు వానాకాలం ముందు ఆకులు తీయడం, బీటలు చూడటం, రెండేళ్ళకోసారి సుత్తితో తట్టి చూడటం.

ఇంకెన్నేళ్ళు ఉంటుందండీ అని నాన్నగారు ఆయన్ని గట్టిగా పట్టుకున్నారు. మామూలు ఇళ్ళు 50 ఏళ్ళ లెక్కతో డిజైన్ చేస్తారు, మీది స్తంభాలు బాగున్నాయి, సంఖ్య మాత్రం నన్నడక్కండి అని నవ్వేశారు. పడమటి వైపు సన్‌షేడ్ ఒకటి డొల్లగానే మోగుతోంది, వానలు తగ్గాక దాని పని.